ట్యాబ్ మీద పూర్తి అధికారం

ఆ ఆదివారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా టిఫిన్లు కానిచ్చి, ట్యాబ్‌లో ఉన్న మామగారి గొంతును అత్తగారి ఫోన్‌లోకి ఎక్కించి, భోజనాల వేళకు ట్యాబ్‌ను దాని సంచిలో పెట్టెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి దాన్ని తీసుకుపోతారు. ట్యాబ్ ఆసుపత్రిది. గొంతు మాత్రం ఇంటిది.

మామగారు పోయి ముప్పై నాలుగు రోజులైంది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన బజారులోకి అడుగుపెడితే త్రాసులు వాటంతటవే సరిగ్గా నిలబడేవని చెప్పుకునేవారు. మాటను కూడా ఆయన తూచి, కాస్త తక్కువగానే వేసేవారు. ఇంట్లో రోజుకు పది మాటలు ఖర్చుపెడితే ఆ రోజు ఏదో విశేషం ఉన్నట్టు. కూతురి పెళ్ళి వీడియో మూడు గంటలు. అందులో ఆయన పదకొండుచోట్ల కనిపిస్తారు, ఒక్కచోటా నోరు విప్పరు. ఫోన్ మోగితే "ఊఁ" అని అత్తగారి చేతికిచ్చేసేవారు. నలభై మూడేళ్ళు కాపురం చేసిన అత్తగారి దగ్గర ఇప్పుడు నాలుగు ఆల్బముల నిండా ఆయన ఫోటోలున్నాయి. గొంతు ఒక్క ముక్క కూడా లేదు.

"మొహం గుర్తుంది. గొంతే జారిపోతోంది," అని ఆవిడ రెండు రోజుల క్రితం కోడలితో అన్నారు. "నిన్న గిన్నెలు సర్దుతూ ఆయన్ని తలుచుకుంటే మా తమ్ముడి గొంతు వినపడింది. వాడి గొంతు నాకెందుకు?"

అంత పొదుపరి, ఆపరేషన్‌కు ముందు పదకొండు రోజులు, రోజూ భోజనం కాగానే గది తలుపు వేసుకుని ఆ ట్యాబ్‌తో రెండేసి గంటలు మాట్లాడారు. గొంతులో పెరిగిన గడ్డతోపాటు స్వరపేటికను కూడా తీసేయాలని డాక్టర్లు తేల్చాక, ఆసుపత్రివాళ్ళు ఆయన చేతికిచ్చిన ట్యాబ్ అది. ఎందుకిచ్చారో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు వెంట వెళ్ళిన కొడుకు, ఆ ట్యాబ్ ఇచ్చిన డాక్టరమ్మ లోపల వివరిస్తున్న అరగంటా వరండాలో ఫోన్‌లో ఉన్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ట్యాబ్ ఇంట్లోనే ఉండగా, తొమ్మిదో రోజు ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆయన ఆసుపత్రిలోనే పోయారు. తలుపు ఇవతలి నుంచి ఇంట్లోవాళ్ళు విన్నది గొణుగుడు మాత్రమే.

"మనతో మాట్లాడని మనిషి దాంతో అన్నేసి గంటలు ఏం మాట్లాడారంటావు వదినా?" అని కూతురు వచ్చినప్పుడల్లా అడిగేది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ తక్కువ తూకాలు పట్టుకున్న మనిషి, చివర్లో ఇంట్లోవాళ్ళవి పట్టుకుని ఉండరా అన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు.

"ఆసుపత్రికి ఫోన్ చేస్తే వాళ్ళే తీసిస్తారేమో కదండీ," అని కోడలు శనివారమే భర్తతో అంది.

"ఇంకేం, ఇంటి గుట్టంతా తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెడదాం," అన్నాడు కొడుకు. "నాన్నగారు అందులో ఏమన్నారో, ఎవర్నన్నారో! ముందు మనం వినాలి. తరవాతే ఎవరైనా."

అలా ఆసుపత్రి మాట అక్కడ ఆగిపోయి, అల్లుడి మాట వచ్చింది. అల్లుడు ప్రింటర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. కంప్యూటర్ పక్కన ఉండే వస్తువును అమ్ముతాడు గనక కుటుంబంలో కంప్యూటర్లకు అతనే దిక్కు. పదింటికి భార్యతో సహా వచ్చాడు. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో రెండు వైర్లు, మొహంలో సర్జన్ కళ.

రికార్డింగులు ఉన్న యాప్ తెరవగానే నాలుగంకెల పాస్‌వర్డ్ అడిగింది.

"నా పుట్టినరోజు కొట్టండి," అంది కూతురు ఏ అనుమానమూ లేకుండా.

తప్పు.

"నాది కొట్టు బావా," అన్నాడు కొడుకు, చెల్లెలి వైపు చూడకుండా.

అదీ తప్పే. అన్నాచెల్లెళ్ళు ఇద్దరికీ ఒకే గాయం తగిలింది గనక కాసేపు స్నేహంగా కూర్చున్నారు.

"పెళ్ళిరోజు ప్రయత్నిద్దామా అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"ఆయనకి ఒక్క ఏడాదైనా గుర్తుంటే కదా నాయనా," అన్నారు అత్తగారు. ఆవిడ నేల మీద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. "కొట్టు, నీ ముచ్చట ఎందుకు కాదనాలి."

తప్పు. ఉద్యోగంలో చేరిన తేదీ కూడా తప్పు. అయిదోసారికి రిటైరైన తేదీ కొట్టారు. ఇరవై నాలుగు గంటల తరవాత మళ్ళీ ప్రయత్నించమని చెప్పి యాప్ మూసుకుపోయింది. అప్పటికి ఆసుపత్రి మనిషి రావడానికి మిగిలింది అయిదున్నర గంటలు.

"అయితే రూట్ చేసెయ్యాల్సిందే," అన్నాడు అల్లుడు. ఆ మాట అనే అవకాశం కోసమే అంతసేపు ఆగినట్టున్నాడు. "ఇప్పుడు మనం ఈ ట్యాబ్‌లో అద్దెకున్నవాళ్ళం. కంపెనీవాడిచ్చిన గదిలోనే తిరగాలి. రూట్ చేశామా, ఇంటివాళ్ళమే! ప్రతి బీరువా తెరుచుకుంటుంది. ఏ ఫైలైనా సరే, పూర్తి అధికారం మనది."

"మనది అంటే?" అన్నాడు కొడుకు.

"అంటే... చేసేవాడిది బావగారూ."

"అదే అడుగుతున్నా. నాన్నగారి వాటి మీద నీకెందుకు వస్తుంది పూర్తి అధికారం? కొడుకుని నేనుండగా?"

"అన్నయ్యా, అదేం ఇల్లా పొలమా?" అంది కూతురు. "కొడుకువి, కొడుకువి అంటావు. నేను ఎవర్ని మరి?"

"అయ్యా, అమ్మా, ఇది చట్టం కాదు, సాఫ్ట్‌వేరు," అని అల్లుడు భార్యను, బావమరిదిని కలిపి వేడుకున్నాడు.

"ఏదైనా కానీ. ఆఖరి మీట మాత్రం నేనే నొక్కుతా," అన్నాడు కొడుకు. ఆ షరతు మీద పని మొదలైంది.

అల్లుడు ఒక వీడియో పెట్టాడు. అందులో మనిషి కనిపించడు, రెండు చేతులు కనిపిస్తాయి. ఆ చేతుల తాలూకు గొంతు ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. "చేతులు చూస్తే చాలు, భాషెందుకు?" అన్నాడు అల్లుడు. చేతులు చేసినట్టే ట్యాబ్ సెట్టింగుల్లో ఒకచోట ఏడుసార్లు నొక్కాడు. 'మీరిప్పుడు డెవలపర్' అని ట్యాబ్ చెప్పింది. అల్లుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. తరవాత ల్యాప్‌టాప్‌లోకి ఒక పెద్ద ఫైలు దిగాలి. దిగడానికి రెండు గంటలు పడుతుందని తెర మీద పడింది.

"ఇది దిగిందంటే ఇంకేం దాగదు అత్తయ్యగారూ," అన్నాడు ఊరుకోలేక. "మామయ్యగారు చెప్పి చెరిపేసుకున్నవి కూడా లేపి కూర్చోబెట్టొచ్చు."

అది నిజం కాదు. ఆ సంగతి అతనికీ తెలియదు. కానీ హాల్లో గాలి మారిపోయింది. అంతవరకూ నాలుగింటిలోగా పని అవుతుందా అని భయపడ్డవాళ్ళు, ఇప్పుడు అయిపోతుందేమో అని భయపడటం మొదలుపెట్టారు. మొదట చెమట పట్టింది అల్లుడికే. ఫైలు పన్నెండు శాతం దిగేసరికి అతను కుర్చీలోంచి నేల మీదికి, అత్తగారి పక్కకు వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఒక చిన్న విషయం. మామయ్యగారి పౌష్టికం పొడి ఉండేది కదా. చాక్లెట్ రుచిది."

"ఆఁ, డాక్టరు రాసిచ్చింది."

"శనివారాలు ఆయన దగ్గర కూర్చున్నప్పుడు... నేను రెండు చెంచాలు... ఉత్తినే నోట్లో వేసుకునేవాణ్ణి."

"రెండు చెంచాలకి ఏముంది లేండి," అంది కూతురు.

"ఒక్కోసారి కాస్త ఎక్కువ. చివర్లో గిన్నెలో వేసుకునేవాణ్ణి."

అత్తగారు చేతిలో బీన్స్ కాయ ఆపారు. "డబ్బా పది రోజులకే ఖాళీ అయిపోతోందని నేను ఆయన్నే దులిపేశాను నాయనా. ఇంతింత తాగుతున్నారు, ఒంటికి పట్టదేం అని."

"ఆయనేమన్నారు?"

"ఊఁ అన్నారు."

ముప్పై శాతానికి కూతురు ముక్కు ఎగబీల్చింది. బుధవారాలు ఆమె వంతు. అత్తగారు మోకాలి వ్యాయామాలకు వెళ్ళే రోజు అది. కోడలికి ఆ పూట బయటి పనులు. పది నుంచి రెండు దాకా కూతురు తండ్రి దగ్గర కూర్చోవాలి.

"నేను కూర్చోలేదమ్మా," అంది. "పదింటికి వచ్చి, పది నిమిషాలుండి, పనుంది నాన్నా అని వెళ్ళిపోయేదాన్ని. పనేం లేదు. కార్లో కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని, వీధి చివర. ఆ వాసన... ఆ మందుల వాసన నా వల్ల అయ్యేది కాదు. మళ్ళీ నువ్వొచ్చే ముందు లోపలికొచ్చి కూర్చునేదాన్ని."

"బుధవారం బుధవారం గోళ్ళు నీటుగా తీసి ఉండేవే!"

"నేను తియ్యలేదు."

"అమ్మాయి తీసిందా అంటే ఊఁ అన్నారే ఆయన?"

కూతురు ఏడవడం మొదలుపెట్టింది. అత్తగారు ఆమెను చూడలేదు, తన గోళ్ళ వైపు చూసుకున్నారు. "కుడిచెయ్యి ఎలా తీసుకున్నారో ఏమో. ఎడమచేత్తో ఆయనకి చెంచా పట్టుకోవడం కూడా రాదు."

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళి, ఏ పనీ లేకుండానే తిరిగి వచ్చింది. ఆమె ఈ ఇంట్లో మాట పడని మనిషి. పనిలో వంక పెట్టడానికి ఆడపడుచుకు కూడా ఇన్నేళ్ళలో ఏమీ దొరకలేదు.

"గొంతు మరీ బొంగురుపోయాక ఆయన చెంచాతో గ్లాసు మీద కొట్టి పిలిచేవారు కదా అత్తయ్యా," అంది నిలబడే. "రోజుకి ముప్పైసార్లు. ముప్పైసార్లూ వెళ్ళాను. అయితే మధ్యాహ్నం పూట ఒక్కోసారి... మిక్సీ వేసేదాన్ని. వినపడకుండా."

"దానికేముందే, పచ్చడో పొడో చేసుకోవా?"

"ఖాళీ మిక్సీ అత్తయ్యా. లోపల ఏమీ ఉండేది కాదు. ఒకరోజు ఆయనే లేచి వంటింట్లోకి వచ్చారు. మూత తీసి లోపలికి చూశారు."

"అప్పుడేమన్నారు?" అన్నాడు అల్లుడు.

"ఊఁ అన్నారు."

తెర మీద శాతం ఎక్కుతూ పోయింది. అరవై నాలుగు. డెబ్బై ఒకటి. ఎవరూ కొడుకు వైపు చూడలేదు. చూడకపోవడమే అతనికి ఎక్కువైంది. ఎనభై దాటుతుండగా, ల్యాప్‌టాప్ తెరతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఆపరేషన్‌కి తొందరేం లేదని, రెండు నెలలు ఆగొచ్చని డాక్టరు చెప్పారన్నాను కదా."

"ఆఁ," అన్నారు అత్తగారు.

"డాక్టరు చెప్పలేదు. వారంలో చేరమన్నారు. రెండు నెలలు ఆగితే ఏమవుతుందని నేనే అడిగాను. ఆగకపోవడమే మంచిది, తరవాత మీ ఇష్టం అన్నారు. నాకు ప్రమోషన్ పరీక్ష ఉంది. ఆసుపత్రికి తిరుగుతూ చదవలేనని..."

"అన్నయ్యా!" అంది కూతురు.

కోడలు భర్తను చూసింది. పరీక్ష సంగతి ఆమెకు తెలుసు. పుస్తకాలకు అట్టలు వేసింది ఆమే. తక్కినది తెలియదు.

"నాన్న అప్పుడు ఎక్కడున్నారు?" అంది కూతురు.

"పక్క కుర్చీలో."

ఈసారి ఆయనేమన్నారని ఎవరూ అడగలేదు.

అత్తగారు ఆఖరి బీన్స్ కాయ ఈనె తీసి, గిన్నెలో వేసి, చేతులు దులుపుకున్నారు. "పరీక్ష పాసయ్యావా?" అన్నారు.

"లేదమ్మా."

ఫైలు దిగిపోయిందని ల్యాప్‌టాప్ హాయిగా గంట కొట్టింది. ఎవరూ కదల్లేదు. భోజనాలు చేశారు. గిన్నెలు తోముకున్నారు. కోడలు పచ్చడి చేద్దామని మిక్సీ దాకా వెళ్ళి, మానుకుంది. రెండున్నరకు అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడింకా అది వినడం అవసరమంటారా? అందరం చెప్పేసుకున్నాం కదా. మామయ్యగారు కొత్తగా చెప్పేదేముంటుంది?"

"అవునమ్మా," అంది కూతురు. "నువ్వూ బాధపడతావు."

"మీరెవరూ వినొద్దు," అన్నారు అత్తగారు. "ఆయన తిట్టారో, మెచ్చుకున్నారో నాకక్కర్లేదు. బయట వాన పడుతోందని చెప్పినా చాలు. నాకు గొంతు కావాలి. తియ్యండి."

ట్యాబ్‌కు వైరు తగిలించారు. పక్కనున్న రెండు మీటలు కలిపి నొక్కిపట్టగానే తెర నల్లబడి, చిన్న ఎర్ర అక్షరాలు వచ్చాయి. మందు సీసా మీద కాగితం కూడా చివరిదాకా చదివే అలవాటు కోడలిది. వంగి చదివింది.

"అన్నయ్యగారూ, ముందుకెళితే లోపలున్న సమాచారమంతా చెరిగిపోతుందని రాశాడు."

"అవన్నీ కంపెనీవాళ్ళ బెదిరింపులు చెల్లెమ్మా. మనం లోపలికి వెళ్ళకుండా. ఆ చేతులు చూడు, ఎంత ధైర్యంగా నొక్కేశాయో!"

"ఆ చేతులవాడి ట్యాబ్‌లో ఎవరి గొంతూ లేదేమో. ఒక్కసారి ఆసుపత్రికి ఫోన్..."

"నువ్వుండవే," అన్నాడు కొడుకు. పొద్దున్నుంచి అతనికి మిగిలిన గౌరవం ఆ మీట ఒక్కటే. "బావా, ఏది నొక్కాలి?"

"పైన ఉన్నది. నిదానంగా."

కొడుకు నొక్కాడు.

మూడు ఇరవైకి ట్యాబ్ తిరిగి వెలిగింది. 'స్వాగతం! మీ భాషను ఎంచుకోండి' అంది. అల్లుడు ఆ ఫైలునూ ఎక్కించాడు. వీడియోలో చేతుల దగ్గర ఏమేం కనిపించాయో అవన్నీ కనిపించాయి. పూర్తి అధికారం లభించిందని తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో పడింది. అతను ఒక్కొక్క అర తెరిచాడు. ట్యాబ్‌తో పుట్టిన మూడు రింగ్‌టోన్‌లు, ఒక సముద్రం బొమ్మ ఉన్నాయి. తక్కిన అరలన్నీ ఎవరు తెరిచినా కాదనకుండా తెరుచుకున్నాయి. వాటిలో ఏమీ లేదు.

"ఇంకోసారి చూడండి," అంది కూతురు.

"చూశాను."

"చెరిపేసినవి కూడా లేపొచ్చన్నారుగా?"

అల్లుడు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. "అంటే... చెరిపినవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది," అన్నాడు మెల్లగా. కొడుకు తన బొటనవేలిని చూసుకుంటూ కూర్చున్నాడు. అత్తగారు బీన్స్ ఈనెల పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. అక్కడ ఎంతసేపు నిలబడ్డారంటే, కోడలు రెండుసార్లు కిటికీలోంచి చూడాల్సి వచ్చింది.

సరిగ్గా నాలుగింటికి తలుపు కొట్టింది ఆసుపత్రిలో రోగులకు మాట నేర్పే డాక్టరమ్మే. ఈ వీధిలోనే మరో రోగిని చూడటానికి వచ్చి, ట్యాబ్ తనే తీసుకెళదామనుకుందట. ట్యాబ్ వెలిగించి చూసి కనుబొమలు ముడిచింది. జరిగింది కోడలు చెప్పింది, ఎవరి పేరూ ఎత్తకుండా.

"పాస్‌వర్డ్ కోసమా ఇదంతా?" అంది డాక్టరమ్మ. ట్యాబ్ తొడుగు ఊడదీసి వెనక్కి తిప్పింది. వీపు మీద అంటించిన చీటీలో నాలుగు సున్నాలున్నాయి. "అందరికీ ఇదేనండీ. ఫోన్ చేసి అడిగినా చెప్పేదాన్ని."

కొడుకు గడప వైపు చూశాడు.

"ఇంతకీ అందులో మా నాన్నగారు ఏం చెప్పారండీ?" అని కూతురు అడిగింది, పొద్దున్నుంచి ఎవరూ బయటివాళ్ళను అడగని ప్రశ్న.

"మీ అన్నగారికి చెబుదామనే ఆ రోజు రెండుసార్లు పిలిచాను, ఫోన్‌లో ఉన్నారు. స్వరపేటిక తీసేశాక మాట్లాడలేరు కదా. రోజూ అవసరమయ్యే మాటలు ముందే ఆయన గొంతుతో చెప్పించి పెట్టుకుంటాం. ఇంటికొచ్చాక బొమ్మ నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. మొదటిరోజు నా ముందు చెప్పినవి నా దగ్గర ఉన్నాయి. ఇరవై ఆరు."

"ఆయన గొంతేనా?" అన్నారు అత్తగారు, పెరటి గుమ్మంలోంచి.

"ఆయన గొంతేనమ్మా."

ఫోన్‌లోంచి ఫోన్‌లోకి అవి రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అత్తగారు మొదటిది నొక్కారు. 'మంచినీళ్ళు,' అన్నారు మామగారు బొంగురుగా, తూచినట్టు. ఆవిడ అప్రయత్నంగా వంటింటి వైపు ఒక అడుగు వేసి ఆగారు. 'దిండు కొంచెం పైకి.' 'నొప్పిగా ఉంది.' 'నొప్పిగా లేదు.' 'ఫ్యాను తగ్గించు.' నలుగురూ తమ వంతు కోసం విన్నారు. 'చాలు.' 'తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.' ఇరవై ఆరూ అయిపోయాయి. పౌష్టికం పొడి లేదు, బుధవారాలు లేవు, మిక్సీ లేదు, రెండు నెలలు లేవు. ఎవరి తూకమూ అందులో లేదు.

"మిగతావి కూడా ఇలాంటివేనా?" అన్నాడు కొడుకు. అతని మొహంలో కాస్త రంగు తిరిగింది.

"కాదండీ. ఇవి మా జాబితాలోవి. ఇంటి దగ్గర చేసుకున్నవి ఆయన సొంత మాటలు. ఒంటరిగా చెప్పుకుంటానన్నారు, చాలా ఉన్నాయన్నారు. నాలుగు వందలు దాటాయని ఆపరేషన్ ముందురోజు చెప్పారు. ఏమిటని నేను అడగలేదు." డాక్టరమ్మ ట్యాబ్‌ను సంచిలో వేసుకుంది. పాపం, వాళ్ళ మొహాలు చూసి ఓదార్చాలనుకుంది. "దీని గురించి మీరేం అనుకోకండి. ఇంకొకరికి ఇచ్చే ముందు ఎలాగూ మేం మొత్తం చెరిపేస్తాం. ఆ పని మీరే చేసిపెట్టారు."

ఆమె వెళ్ళాక అత్తగారు గదిలో మంచం మీద కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. నలుగురూ వెనకే వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. పొద్దున చెప్పేసినవన్నీ అనవసరంగా చెప్పామని నలుగురికీ ఒకేసారి తెలిసివచ్చింది. కూతురు ఆ వాసన ఎలాంటిదో వివరించబోయింది. అల్లుడు చెంచా ఎంత చిన్నదో వేళ్ళతో చూపించాడు. కోడలు ముప్పైసార్లలో ఎన్నిసార్లు వెళ్ళిందో మళ్ళీ చెప్పబోయి ఆగింది.

"అమ్మా, ఆ రోజు డాక్టరు గదిలో నేను నిజానికి..." అన్నాడు కొడుకు.

అత్తగారు తలెత్తలేదు. వేలితో తెర మీద వెతికి, నొక్కారు.

'చాలు,' అన్నారు మామగారు.

ఆవిడ ఇంకొకటి వెతికి నొక్కారు.

'తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.'

నలుగురూ ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశారు. ఆయన మాట ఆ ఇంట్లో అందరూ ఒక్కసారికే వినడం అదే మొదలు.